అమ్మాయి ప్రాజెక్టు, నా ఆవకాయ

తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఇంట్లో మంత్రాలు వినిపించేవి. "లెస్ దేన్, హెచ్‌టీఎంఎల్, గ్రేటర్ దేన్... లెస్ దేన్, హెడ్, గ్రేటర్ దేన్... లెస్ దేన్, టైటిల్, గ్రేటర్ దేన్..." మా అమ్మాయి కళ్ళు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ వల్లె వేస్తుంటే, దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్న మా అత్తయ్యగారు ఓరోజు ఆగి, "ఏమే, ఇదేం స్తోత్రం? ఏ దేవుడిది?" అనడిగారు. నాకు నవ్వాగలేదు. "దేవుడిది కాదత్తయ్యా, డిగ్రీ కాలేజీది" అన్నాను.

నవ్వానే గానీ, ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు.

మాది తెనాలి. మావారు బియ్యం మిల్లులో గుమాస్తా. పెద్దవాడు ఫార్మసీ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. చిన్నది అమ్మాయి. 2024లో మా ఊళ్ళోనే బి.ఎస్సీ. కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదివింది. నేను ఇంటర్ దాకా చదువుకున్నాను, సి.ఇ.సి. ఆ పైన నా చదువల్లా వేసవిలో పచ్చళ్ళు పెట్టడమే. మా వీధివాళ్ళూ, వాళ్ళ అక్కచెల్లెళ్ళూ, ఊళ్ళు వెళ్ళిపోయిన పిల్లలూ కలిపి ఓ ముప్ఫై ఇళ్ళకి ఆవకాయ, గోంగూర, పండుమిరప పెట్టి ఇస్తుంటాను. పాత డైరీలో లెక్క రాసుకుంటాను. ఆ డబ్బు నాది. మావారు అడగరు, నేను చెప్పను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ సంవత్సరం అమ్మాయికి వెబ్ పేపరు ఉంది. మనం ఫోనులో చూస్తామే, రైలు టిక్కెట్టు పేజీ, గ్యాసు బుకింగు పేజీ, అలాంటివి ఎలా తయారవుతాయో నేర్పుతారన్నమాట. పేజీలో ఏమేం ఉండాలో రాసేది హెచ్‌టీఎంఎల్. అవి ఏ రంగులో, ఎంత సైజులో, ఎంత ఎడంగా కనిపించాలో చెప్పేది సీఎస్‌ఎస్. మీట నొక్కితే ఏం జరగాలో చెప్పేది జావాస్క్రిప్ట్. గోడలు, రంగులు, కరెంటు అనుకోమ్మా అంది మా అమ్మాయి. బాగానే ఉందనుకున్నాను.

మరి గోడ కట్టడం నేర్చుకునే పిల్ల కళ్ళు మూసుకుని ఊగడమేమిటి? అదే నాకు అంతుబట్టలేదు. ఓ రోజు అట్ల పెనం దించి, పక్కన కూర్చుని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాళ్ళ లాబ్‌లో సగం కంప్యూటర్లు పనిచెయ్యవట. ఒక్కోదాని ముందు ముగ్గురేసి కూర్చుంటారు. చేతులు చురుగ్గా ఉన్న పిల్ల టైపు కొడుతుంది, మిగతా ఇద్దరూ చూస్తారు. మాది చూసే రకం. గంట అయ్యాక ముగ్గురూ ఒకే ప్రోగ్రాం రికార్డులో రాసుకుంటారు, గీతలు గీసి, పెన్సిల్‌తో బొమ్మ వేసి, అందంగా. ఆ రికార్డు చూస్తే మీరు ముద్దు పెట్టుకుంటారు. పరీక్షలో అదే గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాయాలి. అందుకే ఆ వల్లె.

"అయితే నువ్వు సొంతంగా ఒక్క పేజీ కూడా చెయ్యలేదా?" అన్నాను.

తల దించుకుంది.

పెద్దవాడు కొనిచ్చిన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఇంట్లో ఉంది. దాంట్లో ఇది సినిమాలు చూస్తోందని మాత్రం నాకు తెలుసు.

సంక్రాంతి వెళ్ళింది. ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజులు దగ్గరకొచ్చాయి. ఓ సాయంత్రం నా వెనకాలే తిరుగుతూ, బట్టలు మడత పెడుతూ, అడక్కుండానే చిక్కుళ్ళు ఒలుస్తూ, చివరికి అడిగింది. ప్రాజెక్టులు తయారుచేసి అమ్మేవాళ్ళున్నారట. నాలుగు వేలు. ముందు పదిహేను వందలు కట్టాలి. క్లాసులో అందరూ కొంటున్నారట. "నాన్నకి చెప్పకమ్మా" అంది.

నేనేం చేశానో దాచను. ఇచ్చాను. పచ్చళ్ళ డబ్బులోంచి మూడు అయిదువందల నోట్లు తీసి చేతిలో పెట్టాను. అందరూ కొంటున్నారు కదా, మన పిల్ల ఒక్కతే వెనకబడితే ఎలా అనుకున్నాను. ఇల్లాళ్ళం మనం ఇలాగే ఆలోచిస్తాం, మీరే చెప్పండి.

వారం తర్వాత పెన్‌డ్రైవ్‌లో ప్రాజెక్టు వచ్చింది. ఆసుపత్రి నిర్వహణ అట. డాక్టర్ల పేర్లు, రోగుల జాబితాలు, నీలం రంగు మీటలు, చాలా గొప్పగా ఉంది. ఏదో నాలుగు వేల వస్తువు కదా, చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. "ఇదెలా చేశారే?" "తెలీదమ్మా." "ఇక్కడ నొక్కితే ఎక్కడికి వెళ్తుంది?" "చూడాలి." పేజీ అట్టడుగుకి వెళ్తే సన్నటి అక్షరాల్లో ఎవరో అబ్బాయి పేరూ, ఇంకేదో జిల్లా కాలేజీ పేరూ, 2019 అనీ ఉంది. అయిదేళ్ళ క్రితం ఎవరికో అమ్మిన సరుకు! మూత తియ్యగానే పాత నూనె వాసన కొట్టినట్టయింది నాకు.

నేనేమీ అనలేదు. అదే ఏడ్చింది. "నాకేమీ రాదమ్మా. మూడేళ్ళూ బట్టీ పట్టాను. వైవాలో ఒక్క ప్రశ్న అడిగితే అయిపోతాను" అంటూ ఒళ్ళో తల పెట్టేసింది. ఇరవై ఏళ్ళ పిల్ల.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకు నా సంగతి ఒకటి చెప్పాలి. 1995 ఆగస్టు 15న మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. నాకేం తెలుసు ఆ సంగతి! 1997లో ఇంటర్ అయ్యేసరికి మాత్రం ఎక్కడ చూసినా కంప్యూటర్ కోర్సు, కంప్యూటర్ కోర్సు అని బోర్డులే. నేనూ వెళ్తానన్నాను. నాన్నగారు తమ్ముడికి కట్టారు, నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. ఆడపిల్లకి అది చాలన్నారు. నాన్నగారి మీద నాకు కోపం లేదు, ఇద్దరికీ కట్టే స్తోమతు లేదాయనకి. టైపు లోయర్ పాసయ్యాను, పెళ్ళయింది. అంతే. కానీ ఆ బోర్డుల ముందునుంచి నడిచి వెళ్ళిన రోజులు మరిచిపోలేదు. ఇప్పుడు నా కూతుర్ని అదే చదువుకి పంపించి, అదే నేర్చుకోకుండా ఉండడానికి నా చేత్తో నేనే డబ్బులిచ్చాను! తల్చుకుంటే సిగ్గేసింది.

పొద్దున్నే కాఫీ ఇస్తూ చెప్పాను. "మిగతా రెండున్నర వేలు ఇచ్చేది లేదు. నువ్వు నాకో పేజీ చేసి పెట్టు. నా పచ్చళ్ళకి. ఏ పచ్చడి ఎంతో రాసి ఉండాలి, ఎవరికేం కావాలో వాళ్ళే రాసుకోవాలి. ఆ డైరీ మొయ్యలేకపోతున్నాను." గుడ్లప్పగించి చూసింది. "అంత చిన్నది ప్రాజెక్టు కాదమ్మా" అంది. "నీకు వచ్చినంతే చెయ్యి. పక్కన నేను కూర్చుంటాను, అడుగుతుంటాను, నువ్వు చెప్పు" అన్నాను. కట్టిన పదిహేను వందలూ పోయాయనుకోండి. మావారికి ఈ సంగతి ఇది అచ్చయ్యాకే తెలుస్తుంది.

రాత్రి భోజనాలయ్యాక, అంట్లు తోముకున్నాక, తొమ్మిదిన్నర నుంచి మా పాఠం. మొదటి రోజు నోట్‌ప్యాడ్ తెరిచింది. టైపు చెయ్యమంటే అక్షరం అక్షరం వెతుక్కుంటోంది. నాకు వేళ్ళు దురద పెట్టాయి. "కాస్త జరుగు" అని కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ళయింది టైపు మిషను ముట్టి! అయినా ఏఎస్‌డీఎఫ్ మీద వేళ్ళు వాటంతటవే ఆనాయి. కంప్యూటర్ కీబోర్డు మీద అక్షరాలు మా పాత టైపు మిషను వరసలోనే ఉంటాయని అప్పుడే చూశాను. అమ్మాయి నోరు తెరిచింది. ఆ తర్వాత మాత్రం దాన్నే కొట్టమన్నాను, లేకపోతే మళ్ళీ చూసే రకమే అవుతుంది.

పేజీ సేవ్ చేసి తెరిస్తే పేజీ రాలేదు, రాసిందంతా రాసినట్టే కనిపించింది. పేరు చివర డాట్ హెచ్‌టీఎంఎల్ అని పెట్టినా, నోట్‌ప్యాడ్ దాని వెనకాల డాట్ టీఎక్స్‌టీ అని తగిలించేస్తుంది. సేవ్ చేసేటప్పుడు కింద 'ఆల్ ఫైల్స్' అని ఎంచుకోవాలి. మూడేళ్ళు చదివిన పిల్లకి ఇది తెలియదు, ఎందుకంటే రికార్డులో ఇది రాయరు. అరగంట వెతికి కనిపెట్టింది. తెల్లటి పేజీ మీద 'ఆవకాయ' అని ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా కనిపించగానే ఎగిరి గంతేసింది. దాని మొహంలో ఆ వెలుగు నేను పదో తరగతి ఫలితాల తర్వాత చూడలేదు.

నాకు మొదట అర్థమైంది ట్యాగుల సంగతి. రెండు కోణపు గుర్తుల మధ్య పి అని రాస్తే పేరా మొదలు. చివర ఓ గీత చేర్చి మళ్ళీ రాస్తే పేరా ముగింపు. శీర్షికలకి హెచ్1 నుంచి హెచ్6 దాకా ఆరు సైజులు. లోపల తెరిచినదాన్ని లోపలే ముయ్యాలి, ఆ తర్వాతే బయటిది. నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. చిన్న డబ్బా మూత పెట్టాకే కదా పెద్ద డబ్బాలో పెట్టి మూత వేస్తాం!

సీఎస్‌ఎస్‌లో ప్యాడింగు, బోర్డరు, మార్జిను అనేవి మా అమ్మాయికి ఎప్పుడూ తికమకే. నిర్వచనాలు మూడూ గడగడా చెబుతుంది, ఎక్కడ ఏది పెట్టాలో తెలియదు. అప్పుడు చెప్పాను. "నేను హైదరాబాద్ అన్నయ్యకి పచ్చడి పంపించేటప్పుడు ఏం చేస్తాను? సీసా చుట్టూ పాత చీర ముక్క కుక్కుతాను, అది ప్యాడింగు. అట్టపెట్టె, అది బోర్డరు. రెండు అట్టపెట్టెలు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో ఖాళీ వదులుతాను, అది మార్జిను. కాదూ?" కాసేపు నన్నే చూసి, "మా సార్ కంటే నువ్వే నయం" అంది. ఆయన్ని అనకు అన్నాను. అరవై మంది పిల్లల్ని, ఆ కంప్యూటర్లని పెట్టుకుని ఆయన మాత్రం ఏం చేస్తాడు.

తెలుగు దగ్గర పెద్ద దెబ్బ తిన్నాం. నా డైరీ అంతా తెలుగే కదా, పచ్చళ్ళ పేర్లూ, కొలతలూ ఓ పూటంతా కూర్చుని తెలుగులో కొట్టాం. సేవ్ చేస్తుంటే ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండా ఓకే నొక్కేసింది. మర్నాడు తెరిస్తే పేజీ నిండా ప్రశ్నార్థకాలు! గోంగూర లేదు, పండుమిరప లేదు, అన్నీ ప్రశ్నార్థకాలే. తీరా చూస్తే అది పాత విండోస్. దాని నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ అనే చోట యూటీఎఫ్-8 అని మనమే ఎంచుకోవాలి. లేకపోతే ఇంగ్లీషు అక్షరాలకి మాత్రమే చోటున్న పెట్టెలో తెలుగుని తోసినట్టవుతుంది, పట్టనివి పోతాయి. పోయినవి తిరిగి రావు. యూనికోడ్ అని ప్రపంచంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించిన పట్టిక ఒకటుందట. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే మన తెలుగుకి 128 స్థానాలు ఇచ్చారట. ఇన్నాళ్ళూ ఫోనులో తెలుగు చదువుతూ కూడా ఈ ఏర్పాటు ఒకటుందని నాకు తోచలేదు. ఆ పూట కొట్టిందంతా మళ్ళీ కొట్టుకున్నాం. పేజీ మొదట్లో కూడా ఇది యూటీఎఫ్-8 అని ఒక లైను రాయాలి. ఆ లైను మా అమ్మాయి మూడేళ్ళుగా బట్టీ పట్టినదే. ఎందుకో ఆ రోజు తెలిసింది.

ఇలా చదువుతుండగానే కొన్ని పాత కథలు కూడా చెప్పేది. ఈ వెబ్ అనే ఆలోచన 1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయనది. స్విట్జర్లాండులో సెర్న్ అనే పరిశోధనశాలలో పనిచేసేవాడు. శాస్త్రవేత్తల కాగితాలు ఒకరివి ఒకరికి అందడం కోసం మొదలుపెట్టాడు. 1991లో మొదటి సైటు. 1993 ఏప్రిల్ 30న ఆ పరిశోధనశాలవాళ్ళు దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించేశారు. అలా వదిలేశారు కాబట్టే, తెనాలిలో నా పచ్చళ్ళ పేజీకి ఆయనకి నేను పైసా కట్టక్కర్లేదు.

పేజీకి అందం దిద్దే వంతు వచ్చింది. ఇక్కడ మాకు గట్టిగానే పోట్లాట. అది ఎర్రటి పేజీ మీద పసుపు అక్షరాలు పెట్టింది. పైన పేరు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి పరిగెడుతోంది. పెళ్ళి మండపం ముందు లైట్ల బోర్డులా ఉంది. అలా పరిగెత్తించే ట్యాగు వాళ్ళ నోట్సులో ఉందట. వెతికితే దానికి కాలం చెల్లి చాలా ఏళ్ళయిందని తేలింది. నోట్సులో ఉన్న ఫాంట్ ట్యాగు, సెంటర్ ట్యాగు కూడా అంతే. ఆ పనులన్నీ సీఎస్‌ఎస్‌కి ఒప్పజెప్పేశారు. రంగుల లెక్క మాత్రం నాకు భలే నచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు. మొత్తం 1,67,77,216 రంగులు. చీరల కొట్టువాడు కూడా అన్ని చూపించలేడు!

చివరికి తీర్పు మా అత్తయ్యగారిది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు, శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడ ఫోనులో పేజీ తెరిచి, "దీంట్లో అరకిలో గోంగూర కొను నానమ్మా" అని చేతికిచ్చింది. అత్తయ్యగారు ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "చీమలు పాకినట్టున్నాయే" అన్నారు. పేజీ మొత్తం కుంచించుకుపోయి తపాలా బిళ్ళలా కనిపిస్తోంది. వ్యూపోర్ట్ అనే ఒక్క లైను రాయకపోతే ఫోను అది పెద్ద తెర పేజీ అనుకుని కుదించేస్తుందట. ఆ లైను చేర్చింది. మళ్ళీ ఇచ్చింది. ఈసారి చదివారు గానీ, "ఎక్కడ నొక్కాలే?" అన్నారు. మా అమ్మాయి మీటని అందం కోసం పేజీ రంగులోనే పెట్టింది. అది మీటని ఆవిడకెలా తెలుస్తుంది? నాలుగుసార్లు ఆవిడ ముందు పెట్టి, నాలుగుసార్లు తిట్లు తిని, నాలుగుసార్లు మార్చింది. ఎర్ర రంగు పోయింది. మీగడ రంగు పేజీ, నల్లటి అక్షరాలు, బొటనవేలంత ఆకుపచ్చ మీటలు మిగిలాయి. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం నాలుగున్నర రెట్లు ఉండాలని ఇలాంటి పేజీలకి ఒక ప్రమాణం ఉందట. దాన్ని పెట్టినవాళ్ళ ఇంట్లోనూ ఓ అత్తగారు ఉండే ఉంటారు.

ఇక జావాస్క్రిప్ట్. ఎన్ని కిలోలో రాసి, కొరియరు ఏ ఊరికో ఎంచుకుంటే మొత్తం ఎంతో పేజీయే చెప్పాలి. రెండు రాత్రులు కష్టపడి చేసింది. "చూడమ్మా" అంది. ఒక కిలో ఆవకాయ, 450. కొరియరు 60. మీట నొక్కాను. 45,060 రూపాయలు!

"ఈ లెక్కన మనం తెనాలిలో మేడ కట్టేస్తామే" అన్నాను. దానికి నవ్వు రాలేదు. రెండు కిలోలంటే 900 అని సరిగ్గానే గుణిస్తోంది, 60 కలపమనేసరికి 90,060 అంటోంది. గుణకారం వచ్చినదానికి కూడిక రాకపోవడమేమిటి? నాకు అంకె చూస్తే తెలిసిపోయింది. "ఇది కూడటం లేదే, పక్కన అతికిస్తోంది. 450 పక్కన 60 పెట్టి చూడు" అన్నాను. అంతే, దానికి పట్టు దొరికింది. పేజీలోని గడిలోంచి తీసుకున్నదేదైనా జావాస్క్రిప్ట్‌కి మొదట అక్షరాల కిందే లెక్క. గుణించమంటే తనే అంకె చేసుకుంటుంది. ప్లస్ గుర్తుకి మాత్రం కూడమనీ, అతికించమనీ రెండర్థాలు. ఒక పక్క అక్షరాలుంటే అతికించేస్తుంది. 'నంబర్' అని చెప్పి అంకెగా మార్చాకే కలపాలి. ఈ భాషని 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో తయారుచేశాడట. పది రోజుల్లో చేసిన పచ్చడి నేనైతే ఎవరికీ పంపను. కానీ ముప్ఫై ఏళ్ళుగా లోకమంతా అదే వడ్డించుకుంటోంది కదా, ఏమంటాం.

510 అని వచ్చేసరికి రాత్రి పన్నెండున్నర. మావారు నిద్రలోంచి లేచొచ్చి, "తల్లీకూతుళ్ళకి పిచ్చి పట్టిందా?" అన్నారు. పట్టింది మరి.

పేజీలు అందరికీ కనిపించేలా పెట్టడానికి గిట్‌హబ్ అనే చోట ఉచితంగా జాగా ఇస్తారు. అక్కడ పెట్టాక బొమ్మల్లో సగం మాయం. ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయే! మా లాప్‌టాప్‌కి ఫైలు పేరులో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. అక్కడి కంప్యూటర్లకి అలా కాదు, పెద్ద జేపీజీ వేరు, చిన్న జేపీజీ వేరు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చింది. నేను ఫోనులో తీసిన ఫోటోలు ఒక్కోటి నాలుగేసి ఎంబీలున్నాయి, వాటిని నూటయాభై కేబీకి తగ్గించింది. లేకపోతే పల్లెటూళ్ళో సిగ్నల్ తక్కువున్నవాళ్ళకి జాడీ కనిపించేలోపు అన్నం చల్లారిపోతుంది. ఆర్డరు రాసుకుని దాచే ఏర్పాటు ఆ ఉచిత జాగాలో లేదు. అందుకని మీట నొక్కగానే ఆ వివరాలన్నీ నింపేసిన వాట్సాప్ కబురు తయారై నా నంబరుకి వచ్చేలా చేసింది. మొత్తం మూడు పేజీలు. ముప్ఫై ఎనిమిది రాత్రులు. డైరీలో రాసిపెట్టుకున్నాను.

ఏప్రిల్‌లో వైవా. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చారట. మిగతావాళ్ళవి బ్యాంకులు, ఆసుపత్రులు, విమానం టిక్కెట్లు. మాది ఆవకాయ. పక్కవాళ్ళు నవ్వారట. "డేటాబేస్ ఏదమ్మా?" అని ఆయన అడిగితే, "లేదండీ. నాకు చెయ్యడం వచ్చినంతే చేశాను" అందిట. ఆయన కోడ్ తిప్పి చూసి, "ఇక్కడ ఈ నంబర్ అనే మాట తీసేస్తే ఏమవుతుంది?" అన్నారట. "కిలో ఆవకాయ నలభై అయిదు వేల అరవై అవుతుందండీ" అంది మా పిల్ల. తీసి చూపించమన్నారు. తీసి చూపించింది. ఆయన నవ్వారట. తర్వాత మరో అయిదారు ప్రశ్నలు అడిగారు, అన్నీ చెప్పింది.

ఇంత చేసినా మార్కులు ఎన్నంటారు? వందకి 71. కొన్నవాళ్ళకి 85, 88 వచ్చాయి. ప్రాజెక్టు పరిమాణం చూస్తారట. ఫలితం తెలిసిన రోజు నాకు కడుపు మండిపోయింది. నాలుగు వేలు పారేసి ఉంటే పిల్లకి ఆ మార్కులొచ్చేవి కదా అని ఒక్క క్షణం అనిపించిన మాట కూడా నిజం. ఆ మాట పైకి అనేశాను కూడా. మా అమ్మాయి పచ్చిమిరపకాయలు తుంచుతూ, తలెత్తకుండా, "పోనీలేమ్మా. వాళ్ళలో ఇద్దరు నిన్న నన్ను ఆ కొరియరు లెక్క నేర్పమని అడిగారు" అంది.

ఇప్పుడది విశాఖపట్నంలో ఎం.సి.ఏ. చదువుతోంది. హాస్టల్లో ఉంటోంది. పాత లాప్‌టాప్ నాకు వదిలేసి, అన్నయ్య చేత కొత్తది కొనిపించుకుంది.

2025 వేసవిలో మామిడికాయ ధర పెరిగింది. నూనె సరేసరి. 450కి గిట్టదు, 480 చెయ్యాలి. పేజీలో మార్చడానికి అమ్మాయికి ఫోను చేద్దామనుకున్నాను. దానికి అప్పుడు పరీక్షలు. రాత్రి అంట్లయ్యాక నేనే ఫైలు తెరిచాను. 450 ఎక్కడుందో వెతికి, 480 కొట్టి, సేవ్ చేసి చూస్తే, ఆవకాయ కింద ఉండాల్సిన గోంగూర మాయం. గుండె గుభేలుమంది. అంకెతోపాటు పక్కనున్న కొటేషను గుర్తు కూడా చెరిపేశానని కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెట్టాను. గోంగూర వచ్చింది.

మర్నాడు పొద్దున్నే విశాఖ నుంచి ఫోను. "అమ్మా, పేజీలో ధర ఎవరు మార్చారే?"